గాదె గోడ మీద నలుగురు

ఆస్ట్రేలియాలో బ్రిమ్ అనే ఊరి ధాన్యం గాదెల గోడ మీద ఉన్న బొమ్మలో నాకు అన్నిటికంటే నచ్చింది రంగు తగలని కాంక్రీటు. 30 మీటర్ల ఎత్తున, అంటే మన పదంతస్తుల మేడంత ఎత్తున, నలుగురు రైతులు నిలబడి ఉంటారు. ఆడా మగా, ముసలీ ముతకా, వయసు పిల్లలూ కలిసిన నలుగురు. మొహాల్లో, మెడల్లో, చొక్కా మడతల్లో పని స్పష్టంగా కనిపిస్తుంది. అక్కణ్ణించి అంచుల వైపు పోయేకొద్దీ రంగు పలచబడి, ఒకచోట గోడే చొక్కా అయిపోతుంది. ఆ చోటు ఏదో పట్టుకుందామని చాలాసేపు చూశాను. ఇక్కడ రంగు ఉంది అనుకున్న చోట సిమెంటు మరక ఉంది. సిమెంటు అనుకున్న చోట పలచని పూత ఉంది.

"ఏంటి మావయ్యా, నాలుగు గంటలు డ్రైవింగ్ చేసి వచ్చి గోడకి రంగు లేని చోటు చూస్తావా?" అన్నాడు మా మేనల్లుడు. వాడుండేది మెల్‌బోర్న్‌లో. సముద్రం ఒడ్డున రాళ్ళు చూపిస్తానంటే వద్దని, ఈ గోధుమ ఊరికి తీసుకెళ్ళమన్నందుకు వాడికి ఇంకా కోపం తగ్గలేదు.

బ్రిమ్ విక్టోరియా రాష్ట్రానికి వాయవ్యంలో, విమెరా మాలీ అని పిలిచే మెట్ట ప్రాంతంలో ఉంది. వారక్‌నబీల్‌కీ బ్యూలాకీ మధ్య హెంటీ హైవే మీద వచ్చే చిన్న ఊరు. వందకు అటూ ఇటూగా జనం. చుట్టూ కనుచూపు మేర చదును నేల. గోధుమ, బార్లీ, పప్పు ధాన్యాలు. మన కిరాణా కొట్లలో అమ్మే ఎర్రపప్పులో కొంత ఈ విమెరా పొలాల నుంచి ఓడెక్కి వచ్చిందే. వానలు సరిగా పడని నేల. 1990ల చివర మొదలై పదేళ్ళకు పైగా సాగిన పెద్ద కరువు ఇక్కడి రైతుల్ని బాగా దెబ్బ తీసింది. ఇంత చదునైన చోట నిలువుగా కనిపించేది ఒక్క సైలో. మనకు ఊరి ఆనవాలు గుడి గోపురమైతే వాళ్ళకు ధాన్యం గాదె. పది మైళ్ళ దూరం నుంచే ఫలానా ఊరు వస్తోందని తెలిసిపోతుంది.

ఈ సైలోలు 1939 నాటివి. అంతకు ముందు గోధుమలు గోనె సంచుల్లోనే తిరిగేవి. ఆ సంచులు మన కలకత్తా జనపనార మిల్లుల నుంచి ఓడల్లో వెళ్ళినవి. బస్తా అంటే మూడు బుషెళ్ళు, మన లెక్కలో 82 కిలోల దాకా. రైలు స్టేషన్ల దగ్గర అవి వీపున మోసి కొండల్లా పేర్చే హమాలీలను అక్కడ 'లంపర్లు' అనేవారు. వాన వచ్చినా ఎలుకలు పడినా ఆ కొండలు పాడయ్యేవి. 1934లో విక్టోరియా ప్రభుత్వం గ్రెయిన్ ఎలివేటర్స్ బోర్డు పెట్టి, బస్తా లేకుండా గింజను గింజగానే నిలవ చేసి రైలుకెత్తే ఏర్పాటు మొదలుపెట్టింది. రైలు పట్టాల పక్కన ఊరూరా సైలోలు లేచాయి. తర్వాత లారీలు పెద్దవయ్యాయి, గిడ్డంగులు కొన్ని చోట్లకు చేరాయి, చిన్న ఊళ్ళ సైలోలు ఖాళీ అయ్యాయి. మన ఊళ్ళలో గరిసెలు, పాతరలు పోయినట్టే. తేడా ఏమిటంటే పాతరను పూడ్చెయ్యొచ్చు. ఇంత కాంక్రీటును కూల్చడానికీ ఖర్చే.

అలా ఖాళీగా నిలబడిపోయిన సైలోల మీద 2015 చివర్లో బొమ్మ మొదలై 2016 మొదట్లో పూర్తయింది. వేసింది గీడో వాన్ హెల్టెన్. కుర్రతనంలో గోడల మీద గ్రాఫిటీతో మొదలుపెట్టి, మనుషుల రూపాలను గోడంత చేసే పనికి వచ్చిన ఆస్ట్రేలియా చిత్రకారుడు. వేయించుకున్నది ఊరు. ఊరివాళ్ళ సంఘం ఒకటి, యారియాంబియాక్ షైర్ కౌన్సిల్, గోడలు ఇచ్చిన గ్రెయిన్‌కార్ప్ కంపెనీ, చిత్రకారుణ్ణి తెచ్చిన జడ్డీ రోలర్ అనే మెల్‌బోర్న్ సంస్థ, ఇందరు కలిస్తే అయింది. చేతిలో డబ్బు తక్కువే. అప్పటికే 2015లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్థమ్‌లో ఎనిమిది సైలోల మీద బొమ్మలు పడ్డాయి. బ్రిటన్ నుంచి వచ్చిన ఫ్లెమ్ తన నాలుగింటి మీద నలుపు తెలుపుల్లో ఊహాయంత్రాలు వేశాడు, అమెరికా నుంచి వచ్చిన హెన్స్ మిగతా నాలుగింటి మీద కేకపెట్టే రంగులు పులిమాడు. పులిమాడు అన్నది తిట్టు కాదు, ఆ రంగుల ఊపుకి అదే సరైన మాట. విక్టోరియాలో మాత్రం సైలో బొమ్మ అంటే మొదటిది బ్రిమ్‌దే.

బొమ్మ వేయించడంలో అసలు చిక్కు డబ్బు దగ్గర రాదని నా అనుమానం. ఎవరి మొహం వెయ్యాలి అన్న దగ్గర వస్తుంది. వంద మంది ఉన్న ఊళ్ళో నలుగురిని పైకెక్కిస్తే తొంభై ఆరుగురు కిందుంటారు. మన దగ్గరైతే ఈ ప్రశ్నకు జవాబు రెడీగా ఉంటుంది: పైన పెద్ద నాయకుడు, పక్కన చిన్న నాయకుడు, కింద వరసగా చందాలిచ్చిన వాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు, అందరూ నమస్కారం పెడుతూ. రైతు బొమ్మ ఎక్కడో మూలన నాగలితో, అదీ ఇంటర్నెట్‌లో దించిన రైతు. బ్రిమ్‌లో పేర్లు లేవు. ఆ నలుగురూ ఊరి చుట్టుపక్కల రైతు కుటుంబాల తీరున్న మనుషులని అందరికీ తెలుసు, ఫలానా అని మాత్రం చెప్పలేదు. పేరు పెట్టకపోవడం పనితనంలో భాగమే అంటాను. పేరున్న మొహాన్ని పోలిక కోసం చూస్తాం: ముక్కు కుదిరిందా, ఫలానా వాడిలా ఉన్నాడా అని. పేరు లేని మొహంలో చర్మం చూస్తాం, చూపు చూస్తాం, భుజం ఎలా వాలిందో చూస్తాం.

ఆ చూపులు మన వైపు ఉండవు. ఫొటోకు నిలబడ్డ వాళ్ళలా కాక, పొలం గట్టున ఏదో మాట మధ్యలో ఆగి దూరంగా మబ్బు వైపు చూసే వాళ్ళలా ఉంటారు. నవ్వు లేదు, ఏడుపూ లేదు. దిగులు ఉందంటే ఉంది. కరువు మీద, అప్పు మీద బొమ్మ గీయమంటే ఎండిన నేల పగుళ్ళు వేసేవాళ్ళే ఎక్కువ. ఇతను మెడ నరాన్ని వేసి ఊరుకున్నాడు.

ఇక గోడ సంగతి. ఇది నేను కాగితం మీద లెక్క వేసుకుంటే గాని నాకు బోధపడలేదు. గుండ్రటి స్తంభాన్ని దూరంగా ఎదురుగా నిలబడి చూస్తే కంటికి కనిపించేది దాని వ్యాసమంత వెడల్పు. రంగు వేసేవాడు కప్పాల్సింది అర్ధ చుట్టుకొలత. 10 మీటర్ల వెడల్పుగా కనిపించే సైలో మీద దాదాపు 15.7 మీటర్ల గోడ ఉంటుంది. మిగతా 5.7 మీటర్లు రెండు అంచుల్లో నలిగిపోతాయి. నడి గీత నుంచి ఒక అంచు దాకా ఉన్న గోడను మూడు సమాన పట్టీలు చేశామనుకోండి. నడుమనున్న పట్టీ ఒక్కటే కంటికి అటు వైపు వెడల్పులో సగం ఆక్రమిస్తుంది. రెండోది మూడో వంతుకు కాస్త పైన. అంచు పట్టీకి మిగిలేది ఏడో వంతో ఎనిమిదో వంతో. మూడింటికీ అంతే రంగు, అంతే చాకిరీ. అంచున వేసింది మాత్రం కంటికి ఆనదు.

పైగా చూసేవాడు ఒక్కచోట నిలబడడు. హైవే మీద కారులో వస్తుంటే సైలో పక్క నుంచి కనిపించి, మెల్లగా ఎదురుగా తిరిగి, మళ్ళీ పక్కకు పోతుంది. ఎదురుగా నిలబడ్డ వాడికి సరిపోయేలా అంచులను సాగదీసి వేస్తే, పక్క నుంచి వచ్చేవాడికి ఆ చెవి చేటంత కనిపిస్తుంది. సాగదీయకపోతే ఎదురు నిలబడ్డ వాడికి మొహం కోలగా నొక్కుకుపోతుంది. రెండు వైపులా పూర్తిగా గెలవడం కుదరదు. బ్రిమ్‌లో దీనికి జవాబు మనుషుల్ని నిలబెట్టిన తీరులోనే ఉంది. దాదాపు ఒక్కో సైలోకి ఒక్కో మనిషి. కళ్ళు, ముక్కు, నోరు, అంటే తప్పు జరిగితే క్షమించని భాగాలన్నీ గోడ నడిమి పట్టీల్లో పడ్డాయి. అంచులకు చేరింది భుజమూ చొక్కా చేతులూ, లేదా ఏమీ వెయ్యని గోడ. గుడ్డ సాగినా ఎవరూ పట్టించుకోరు, గుడ్డ గుణమే సాగడం. నేను హైవే మీద అటూ ఇటూ నడుస్తూ నలుగురినీ చూశాను. ఎవరి మొహమూ చెదరలేదు. మేనల్లుడు కారులో ఏసీ వేసుకుని పాటలు వింటున్నాడు.

సైలోకీ సైలోకీ మధ్య లోయ లాంటి సందు ఉంటుంది. మామూలు చిత్రకారుడికి అది శత్రువు, ఎందుకంటే పొద్దు తిరిగేకొద్దీ అందులో నీడ మారుతుంది. బొమ్మలో ఎడమ నుంచి వెలుగు పడుతుందని వేశాక, సాయంత్రం అసలు సూర్యుడు కుడి నుంచి వస్తే బొమ్మ అబద్ధం చెప్పినట్టవుతుంది. రంగు ఎంత గట్టిగా ఉంటే ఆ అబద్ధం అంత తెలిసిపోతుంది. ఇక్కడ రంగు తగ్గించడం పనికొచ్చింది. సిమెంటు బూడిద రంగుకు దగ్గరగా ఉండే ఛాయలు, నీలం కాస్త, మట్టి రంగు కాస్త. దాంతో గోడ తాలూకు అసలు నీడ వచ్చి బొమ్మ మీద పడితే చొక్కా మడత కాస్త లోతైనట్టుంటుందే గాని బొమ్మ విరగదు. సందు ఇద్దరు మనుషుల మధ్య ఉండాల్సిన ఎడంలా కుదురుకుంటుంది.

పాత సైలోల ఒంటి నిండా గీతలుంటాయి. అచ్చు పైకి జరుపుతూ కాంక్రీటు పోసినప్పటి అడ్డ చారలు, వాన నీళ్ళు జారిన నిలువు మరకలు, తేమ ఉబ్బిన చోట్లు, అతుకులు. రంగు వేసే ముందు గోడను నీళ్ళ ధారతో కడిగి, పగుళ్ళు పూడ్చి, పొడి రాలే పైపొర తీసెయ్యాలి. లేకపోతే రంగు గోడకు కాక దుమ్ముకు అంటుకుని రెండేళ్ళలో పెచ్చులూడుతుంది. అలాగని మరీ బిగువుగా మూసెయ్యకూడదు. కాంక్రీటు తేమను పీల్చి వదులుతుంది. ప్లాస్టిక్ తొడిగినట్టు మందంగా వేస్తే లోపలి చెమ్మ బుడగలు లేపుతుంది. ఇన్ని చూసుకున్నాక కూడా చారలన్నీ కప్పెయ్యాలా వద్దా అన్నది మిగులుతుంది. చాలామంది తెల్లగా ప్రైమర్ కొట్టి కొత్త కాన్వాసు చేసుకుంటారు. బ్రిమ్‌లో చారలు మొహాల మీదుగానే పోతాయి. ఎనభై ఏళ్ళ నాటి గోడ ముడతలకూ మొహం ముడతలకూ పొత్తు కుదిరింది. ఏది ఎవరిదో విడదీయలేం.

ఎత్తున పని ఎలా ఉంటుందో ఊహించడానికి ఒక్క కన్ను చాలు. ఆ మొహాల్లో ఒక్కో కన్నూ మనిషి కంటికి ఎన్నో రెట్లు పెద్దది. క్రేను చివర బుట్టలో నిలబడి, గోడకు మూరెడు దూరంలో, రోలరుతోనో స్ప్రేతోనో అతను వేస్తున్నది తనకు కన్నుగా కనిపించదు. ముదురు బూడిద ముద్ద ఒకటి, పక్కన లేత బూడిద చార ఒకటి. కనుపాప ఎక్కడుందో తెలియాలంటే కిందికి దిగి, పట్టాలు దాటి, పొలం దాకా నడిచి వెనక్కి తిరిగి చూడాలి. మళ్ళీ వచ్చి ఎక్కాలి. ఇలాంటి పని చేసేవాళ్ళు ముదురు నుంచి లేత దాకా ఛాయలు ముందే డబ్బాల్లో కలిపి పెట్టుకుంటారు. గాలిలో ఊగుతూ కలపడం మొదలుపెడితే నిన్నటి ఛాయ ఇవాళ రాదు. బయట వాడే ఇటువంటి క్రేను బుట్టలకు గాలి వేగం హద్దు సాధారణంగా సెకనుకు 12.5 మీటర్లు. అది దాటితే దిగిపోవాల్సిందే. ఆ చదును నేల మీద గాలికి అడ్డే లేదు. పైగా డిసెంబరు, జనవరి అక్కడ నడి వేసవి, 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కాలిన కాంక్రీటు మీద రంగు తగలగానే ఆరిపోతుంది, తడి మీద తడి కలిపి ఛాయ మెత్తబరిచే వీలు ఉండదు. అయినా ఆ బుగ్గల మీద వెలుగు నుంచి నీడకు దిగే చోట ఒక్క మెట్టు కనిపించదు.

బ్రిమ్ చూసి చుట్టుపక్కల ఊళ్ళూ కదిలాయి. ఇప్పుడు అవన్నీ కలిపి 200 కిలోమీటర్లకు పైబడిన సైలో దారి అయింది. మేము మరి రెండే చూడగలిగాం. ప్యాచెవొలాక్‌లో ఫింటన్ మెగీ 2016లో వేసింది ఒకే ఒక్క రైతు. అక్కడి జంట సైలోలు 35 మీటర్ల ఎత్తు, వెడల్పు తక్కువ. మెగీ ఊరి పబ్బులోనే గది తీసుకుని జనంతో కలిసి తిరిగి, గోడకు తగ్గట్టు పొడుగ్గా సన్నగా ఉన్న మనిషిని వెతికి పట్టుకున్నాడు. గుడ్డను బట్టి చొక్కా కుట్టడం విన్నాం గాని, గోడను బట్టి మనిషిని ఎంచుకోవడం ఇక్కడే చూశాను. నీలం గళ్ళ చొక్కా, ఎండకు వెలిసిన జుట్టు, చికిలించిన కళ్ళు. మంచి పని. కానీ ఆ మనిషి ఊళ్ళో బతికి ఉన్న మనిషి కనుక, కాసేపటికి నాకు బొమ్మ మీద కంటే ఆయన మీద జాలి ఎక్కువైంది. పాలకు వెళ్ళినా పెట్రోలుకు వెళ్ళినా పైనుంచి తన మొహమే చూస్తుంటుంది.

లాసెల్స్‌లో రోన్ 2017లో వేసినది వేరే రకం తపస్సు. తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్న కుటుంబపు భార్యాభర్తలు, చెరో సైలో మీద. రోన్ రంగులో నీళ్ళు కలిపి, గోడ బూడిద రంగునే మూలంగా పెట్టుకుని, మనుషులు ఉన్నారా లేరా అన్నంత పలచగా తేల్చాడు. బ్రిమ్‌లో మనుషులు గోడలోంచి బయటికి వస్తున్నట్టుంటారు. ఇక్కడ గోడలోకి వెళ్ళిపోతున్నట్టుంటారు. రెండిట్లో ఏది గొప్ప అంటే నేను బ్రిమ్ అనే అంటాను. కానీ ఆ రాత్రి మోటెల్ గదిలో కళ్ళు మూసుకుంటే గుర్తొచ్చింది లాసెల్స్ ఆవిడ.

షీప్ హిల్స్ చూడలేకపోవడం లోటే. అక్కడ అడ్నేట్ ఈ నేల మూలవాసుల పెద్దలిద్దరినీ పిల్లలిద్దరినీ నక్షత్రాల రాత్రి ముందు నిలబెట్టి వేశాడు. గోధుమకు ముందు ఈ నేల ఎవరిదో ఆ బొమ్మ గుర్తు చేస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనల్‌పిన్‌లో 2017లో వాన్ హెల్టెనే మళ్ళీ ఐదు సైలోల మీద అక్కడి బడిపిల్లల్ని ఐదుగురిని వేశాడు. ఫొటోల్లోనే చూశాను కనుక తీర్పు చెప్పను. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో సైలో కనిపిస్తే రంగు డబ్బా తెరవడం అలవాటైంది. కుక్క, గుర్రం, పాత ట్రాక్టరు, సైనికుడు, అస్తమయం. కొన్ని చూస్తే గోడకు క్యాలెండరు తగిలించినట్టుంటుంది. తప్పు గోడలది కాదు. 2016లో బ్రిమ్ బొమ్మ సిడ్నీలో సల్మన్ బహుమతికి తుది జాబితా దాకా వెళ్ళింది. దాన్నుంచి 'పెద్దగా వేస్తే చాలు' అన్న పాఠం చాలామంది నేర్చుకున్నారు, 'తక్కువ వెయ్యాలి' అన్నది కొందరే.

వచ్చాక బెజవాడలో ఒక పాత బ్యానర్ ఆర్టిస్టు గారికి ఫొటోలు చూపించాను. 40 అడుగుల హీరోలను గుడ్డ మీద గళ్ళు కొట్టి ఎక్కించిన చెయ్యి అది. ఫ్లెక్సీ వచ్చాక ఇప్పుడు నంబరు ప్లేట్లు రాస్తున్నారు. ఫోను దగ్గరగా పెట్టుకుని మొహాలు దాటేసి సందుల దగ్గరే ఆగారు. కాసేపటికి లేచి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చి, దాని మీద సుద్దముక్కతో రెండు కళ్ళు, ముక్కు గీసి నా ముందు బల్ల మీద మెల్లగా తిప్పారు. ఎడమ కన్ను సన్నబడింది.

"గళ్ళు ఇక్కడ పనికిరావండీ. బల్లపరుపు గుడ్డకైతే గళ్ళు," అన్నారు. "ఇది నడిచి చూసుకుని వెయ్యాలి. పైన ఇతనున్నాడు సరే, కింద ఎవరున్నారు?"

అర్థం కాలేదు.

"మేము కటౌట్ కడితే కింద ఒక కుర్రాణ్ణి పెట్టేవాళ్ళం. రోడ్డవతల నిలబడి 'కన్ను కుడికి, కన్ను కుడికి' అని అరవడానికి. వాడి గొంతు పోయేది సాయంత్రానికి."

నాకు తెలియదన్నాను. ఆయన సుద్ద చెరిపేసి, రెండు కళ్ళూ కాస్త దగ్గరకు జరిపి మళ్ళీ గీసి, గ్లాసును మళ్ళీ తిప్పారు.